రెడ్ వేసినవాళ్ళు నిజం చెప్పాలి

నేను ఒక క్యారమ్ బోర్డును. ఆ మాట వినగానే "ఓస్, అంతేనా" అని పెదవి విరిచినవాళ్ళను చాలామందిని చూశాను. విరవండి, నాకేం నష్టం లేదు. గుంటూరు దగ్గర ఒక ఆడపిల్లల రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో, మెస్ వెనక వరండాలో, బోర్లించిన నీళ్ళ డ్రమ్ము మీద కూర్చుని ఈ కబుర్లు చెబుతున్నాను. ఈ కాలేజీలో ర్యాంకులు తెచ్చినవాళ్ళ ఫోటోలు గేటు నుంచి మేడ దాకా వేలాడుతుంటాయి. నా ఫోటో ఎక్కడా లేదు. అయినా ఈ ఆవరణలో నా అంత పని చేసినవాళ్ళు మరొకరు లేరని గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పగలను. గుండె లేదు, చెయ్యీ లేదు, అది వేరే సంగతి. గొప్పలు పోతున్నానని మీకనిపిస్తే, చివరిదాకా విని అప్పుడు అనండి.

నేను పుట్టింది తెనాలిలో. మస్తాన్ మేస్త్రి అనే ఆయన నన్ను చేశాడు. టేకు చట్రం, నున్నటి ప్లైవుడ్ పలక, నాలుగు మూలలా వల సంచులు. నా మీద గీతలు గీసేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టేవాడు, పక్కన ఎవరైనా దగ్గితే కసిరేవాడు. పని పూర్తయ్యాక స్ట్రైకర్‌ను ఒక్క దెబ్బ కొట్టి వదిలాడు. అది అంచులన్నీ తాకి మళ్ళీ ఆయన చేతి దగ్గరికే వచ్చి ఆగింది. మేస్త్రి మీసం దువ్వుకున్నాడు. నాకున్న ఈ కాస్త పొగరు ఆయన దగ్గర నుంచి వచ్చిందే.

అక్కడి నుంచి నరసరావుపేట చేరాను. సైకిల్ షాపు పైన ఒక గదిలో కుర్రాళ్ళు నడిపే మిత్రమండలి అనే క్లబ్బు ఉండేది. పొద్దుట తలుపు తీస్తే చీకటి పడేదాకా నా చుట్టూ నలుగురు ఆడేవాళ్ళు, పదిమంది సలహాలు ఇచ్చేవాళ్ళు. ఆడేవాడి కంటే పక్కన నిలబడినవాడికే ఆట ఎక్కువ తెలుస్తుందని నాకు అక్కడే అర్థమైంది. ఎవడెవడు ఎలా కొడతాడో నాకు కంఠతా వచ్చు. మీరు ముఖాలు గుర్తుపెట్టుకుంటారు, నేను వేళ్ళు గుర్తుపెట్టుకుంటాను.

ఆ వేళ్ళలో పూర్ణ అనేవాడివి నాకు బాగా ఇష్టం. అందరూ చూపుడు వేలితో కొడితే వాడు బొటనవేలితో మధ్యవేలిని బిగబట్టి వదిలేవాడు. చిన్నప్పుడెప్పుడో దుకాణం షట్టరు కింద పడి వాడి చూపుడు వేలి చివర వంకర తిరిగింది, అందుకని ఆ అలవాటు. ఆ దెబ్బ ఎంత మెత్తగా ఉండేదో, ఎంత సూటిగా వెళ్ళేదో చెప్పలేను. అలాంటి పూర్ణ ఒక వేసవిలో ఇంటర్మీడియట్ తప్పాడు. ఫలితాలు వచ్చిన రోజు సాంబడు అనే స్నేహితుడు వాడిని ఇంట్లోంచి లాక్కొచ్చి నా ముందు కూర్చోబెట్టాడు. కింద హోటల్లోంచి స్టీలు గ్లాసులో పొగలు కక్కే టీ తెచ్చి ఇచ్చాడు. పూర్ణ దాన్ని నా మీదే ఒక మూల పెట్టి, తాగకుండా అలాగే చూస్తూ ఉండిపోయాడు. టీ చల్లారిపోయింది. గ్లాసు తీశాక నా పాలిష్ మీద గుండ్రంగా తెల్లటి మచ్చ పడింది.

మామూలుగా అయితే నాకు ఒళ్ళు మండేది. ఆ రోజు మండలేదు. వాడి వేళ్ళు చల్లగా ఉన్నాయి, స్ట్రైకర్ పట్టుకుంటే జారిపోతోంది. సాంబడు మాత్రం రోజూ వాడిని తీసుకొస్తూనే ఉన్నాడు. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు, చెప్పడం వాడికి రాదు కూడా. "ఒరేయ్, నీ దెబ్బరా" అనేవాడు, అంతే. ఆ వేసవి చివర్లో ఒక రోజు పూర్ణ రెడ్ వేసి, దాని వెంటే ఫాలో వేసి, నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వడం వల్ల కాబోలు, గదిలో అందరూ అటు తిరిగారు.

ఆట తెలియనివాళ్ళకు ఒక మాట. నా నడిమధ్యలో ఎర్ర కాయిన్ ఒకటి ఉంటుంది, దాన్నే రెడ్ అంటారు. అందరికీ దాని మీదే కన్ను. కానీ రెడ్ ఒక్కటీ సంచిలో పడితే చాలదు, వెంటనే మీ కాయిన్ ఇంకొకటి వెయ్యాలి. దాన్ని ఫాలో అంటారు. ఫాలో పడకపోతే రెడ్ మళ్ళీ వచ్చి మధ్యలో కూర్చుంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పని ఉంది.

కుర్రాళ్ళు పెద్దవాళ్ళయ్యారు, ఉద్యోగాలకూ వ్యాపారాలకూ పోయారు. క్లబ్బు మూతపడింది. నన్ను గుంటూరులో ఆటసామాన్ల షాపుకు అమ్మేశారు. షాపతను నా చట్రానికి నల్లరంగు వేసి, పలకను రుద్ది, కొత్త లేబుల్ అంటించి, నన్ను కొత్త బోర్డుగా ఈ కాలేజీకి అంటగట్టాడు. టీ మచ్చ మాత్రం ఎంత రుద్దినా పోలేదు. దాని మీద లేబుల్ అతికించబోయి, లేబుల్ చిన్నదై ఊరుకున్నాడు.

కాలేజీకి నేనెందుకు కావాల్సి వచ్చిందంటే, ఆడుకోవడానికి మాత్రం కాదు. ఏటా పైనుంచి తనిఖీకి వస్తారు. పిల్లలకు ఆటపాటలు ఉన్నాయా అని అడుగుతారు. ఆ రోజు నన్ను హాల్లో బల్ల మీద పెట్టి, ఇస్త్రీ బట్టలు వేసుకున్న ఇద్దరు అమ్మాయిలను అటూ ఇటూ నిలబెట్టి, స్ట్రైకర్ మీద వేలు పెట్టమనేవాళ్ళు. కొట్టొద్దు, పెట్టండి చాలు అని వార్డెన్ హెచ్చరించేది. కాయిన్ల పొట్లం విప్పకుండా పక్కన అందంగా పెట్టేవాళ్ళు. ఫోటో తీసుకునేవాళ్ళు. వచ్చినాయన తల ఊపి, జీడిపప్పు తిని వెళ్ళిపోయేవాడు. నన్ను మళ్ళీ స్టోర్‌రూములో పాత బ్యానర్ల వెనక నిలబెట్టేవాళ్ళు. నిరుటి ర్యాంకర్ల ముఖాలు నావైపు చూసి నవ్వుతుండేవి. మిత్రమండలిలో రాజులా బతికిన నాకు ఎంత అవమానంగా ఉండేదో మీరే ఊహించుకోండి.

అలాంటి రోజుల్లో ఇందుమతి మేడమ్ వచ్చారు. ప్రతి కాలేజీలోనూ పిల్లల మనసు కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకరు ఉండాలని ఉత్తర్వు వచ్చిందట. ప్రిన్సిపల్ సత్యప్రసాద్ గారు చెడ్డవారేమీ కాదు, ఏ పనైనా పద్ధతిగా జరగాలంటారు. మేడమ్‌కు తన గది పక్కనే ఒక గది ఇచ్చి, తలుపు మీద పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించారు. టైమ్‌టేబుల్‌లో కౌన్సెలింగ్‌కు ఒక గంట కేటాయించారు. అంతటితో ఆగితే బాగుండేది. రోజూ పొద్దుట ప్రార్థన అయ్యాక మైకులో పేర్లు చదివించడం మొదలుపెట్టారు. "కింది విద్యార్థినులు టెన్షన్ నిమిత్తం కౌన్సెలింగ్ రూముకు రావలెను." ఆ పేర్లన్నీ వారపు పరీక్షలో మార్కులు తగ్గినవాళ్ళవి.

ఇక ఆ గదికి ఎవరు పోతారు చెప్పండి. పేరు పిలిచినవాళ్ళు తలొంచుకుని వెళ్ళి, "టెన్షనేమీ లేదు మేడమ్" అని చెప్పి తలొంచుకుని వచ్చేవాళ్ళు. పేరు పిలవనివాళ్ళు ఆ గుమ్మం ముందు నుంచి నడవడం కూడా మానేశారు. మైకులో చదవొద్దని మేడమ్ వెళ్ళి అడిగితే, చదవకపోతే వాళ్ళకు టెన్షన్ ఉన్నట్టు వాళ్ళకెలా తెలుస్తుందని ప్రిన్సిపల్ గారు నిజంగానే ఆశ్చర్యపోయారట. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిశాయి, పిల్లలే నా మీద వాలి చెప్పుకున్నారు.

ఒక సాయంత్రం మేడమ్ ఫ్యాన్ కోసమో కుర్చీ కోసమో స్టోర్‌రూముకు వచ్చి, బ్యానర్లు జరిపి నన్ను చూశారు. కొంగుతో దుమ్ము దులిపారు. వేలితో నా పలక మీద ఇటు నుంచి అటు ఒక్కసారి రాశారు. "నువ్విక్కడ ఏం చేస్తున్నావే" అన్నారు. నా జన్మలో నన్ను పలకరించిన మొదటి మనిషి ఆవిడే. పద్దెనిమిదేళ్ళ పిల్లలా నాకు సిగ్గేసింది.

ఆటలాడితే ర్యాంకులేం కావాలని ప్రిన్సిపల్ గారు అభ్యంతరం చెప్పారు. ఇది ఆట కాదండీ, కౌన్సెలింగ్ పరికరం అన్నారు మేడమ్. పరికరం అన్న మాట ఆయనకు నచ్చింది. అలా నేను మెస్ వెనక వరండాకు వచ్చాను. సాయంత్రం టిఫిన్‌కూ స్టడీ అవర్‌కూ మధ్య ఉన్న కాస్త సమయం నాది. బోరిక్ పౌడర్ దొరక్క పిల్లలు తమ ముఖానికి రాసుకునే పౌడర్ చల్లేవాళ్ళు. మిత్రమండలిలో చెమట వాసన, బీడీ వాసన తప్ప ఎరగని నేను అప్పటి నుంచి మల్లెపూల వాసన వేస్తున్నాను. చెబితే నమ్మరు, నా నడక కూడా మారింది. అదే, నా మీద స్ట్రైకర్ నడక.

మనుషుల్లో ఒక వింత చూశాను. ఎదురుగా కూర్చోబెట్టి నీ మనసులో ఏముందో చెప్పు అంటే వాళ్ళకు నోరు పెగలదు. మధ్యలో నన్ను పెట్టి చూడండి. చూపంతా కాయిన్ల మీద ఉంటుంది, ఎవరూ ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు, మాట దానంతట అదే జారుతుంది. మేడమ్ మార్కుల ఊసెత్తేవారు కాదు. నిద్ర పట్టిందా, ఏం తిన్నావు, ఇంట్లో కుక్కపిల్ల ఎలా ఉంది, ఇలాంటివే అడిగేవారు. మొదటి రోజే ఒక మాట స్పష్టంగా చెప్పారు. ఇక్కడ అనుకున్నది ఇక్కడే ఉంటుంది, కానీ ఎవరి ప్రాణానికైనా ముప్పుందని తెలిస్తే మాత్రం నేను దాచను, అది ముందే చెబుతున్నాను అన్నారు.

రెడ్ నియమం పెట్టింది రేష్మా. గుంటూరు పిల్ల, నోరు మూస్తే ఊపిరాడదు. రెడ్ వేసినవాళ్ళు ఒక నిజం చెప్పాలంది. చిన్నదైనా సరే, ఆ రోజు తనకు నిజంగా ఎలా ఉందో చెప్పాలి. ఆ పక్కనున్నవాళ్ళు "తర్వాత?" అని అడగాలి, అదీ ఫాలో. అడిగేవాళ్ళు లేకపోతే చెప్పిన నిజం మళ్ళీ వచ్చి లోపలే కూర్చుంటుందని ఆ పిల్ల వాదన. మేడమ్ నవ్వి ఒప్పుకున్నారు. తొలి నిజం రేష్మాదే. కెమిస్ట్రీ సార్ క్లాసులో నిద్రపోతున్నానని చెప్పింది. తర్వాత అంటే, నిద్రపోకపోతే ఏడుపొస్తుందని చెప్పింది. ఎవరూ నవ్వలేదు.

అప్పటి నుంచి నా మీద ఎన్ని నిజాలు రాలాయో. అమ్మానాన్నలు పోట్లాడుకుంటున్నారని ఒకరు, అద్దంలో చూసుకోవాలంటే అసహ్యంగా ఉందని ఒకరు, అసలు డాక్టరు కావాలని తనకు లేదని ఒకరు. చెప్పాక వాళ్ళ వేళ్ళు తేలికపడేవి. అది నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

ఇక దివిజ సంగతి చెప్పాలి. ఈ కాలేజీలో నెలకోసారి సెక్షన్లు మారుస్తారు. మార్కులు తగ్గితే సెక్షన్ మారుతుంది, సెక్షన్ మారితే గది కూడా మారుతుంది. పైఅంతస్తులో టాప్ బ్యాచ్ గదులు. దివిజ మొదటి సంవత్సరమంతా అక్కడే ఉంది. రెండో ఏడు ఒక నెల మార్కులు జారి, అందరూ చూస్తుండగా ట్రంకు పెట్టె మెట్ల మీద ఈడ్చుకుంటూ కింది అంతస్తుకు వచ్చి రేష్మా గదిలో చేరింది. మర్నాడు మైకులో దాని పేరు చదివారు. ఆదివారం ఇంటికి ఫోను వార్డెన్ గదిలోంచే, అదీ స్పీకర్ పెట్టి మాట్లాడాలి. తిన్నావా అని తల్లి అడిగితే తిన్నానంది. చదువుతున్నావా అని తండ్రి అడిగితే చదువుతున్నానంది. నిజానికి అది పళ్ళెం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోతోందని రేష్మా నా దగ్గర మొత్తుకునేది.

రేష్మాయే దాన్ని లాక్కొచ్చి నా ముందు కూర్చోబెట్టింది. దివిజ స్ట్రైకర్ పట్టుకోగానే నేను ఉలిక్కిపడ్డాను. బొటనవేలితో మధ్యవేలిని బిగబట్టి వదిలింది. ఆ మెత్తటి దెబ్బ నాకు ఎక్కడో తెలుసు. కానీ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

బాగా ఆడేది. నల్లవి వేసేది, తెల్లవి వేసేది. రెడ్ మాత్రం ముట్టేది కాదు. సంచి అంచున, ఊదితే పడేలా ఉన్నా సరే, స్ట్రైకర్‌ను దాని పక్కనుంచి వెంట్రుకవాసిలో తప్పించి పోనిచ్చేది. చూసేవాళ్ళకు గురి తప్పిందనిపిస్తుంది. ఇన్నేళ్ళు దెబ్బలు తిన్న నాకు తెలియదా, తప్పడానికీ తప్పించడానికీ తేడా? చెప్పాల్సిన నిజం ఏదో పెద్దది దాని లోపల ఉంది. నాకు నోరుంటే అరిచేదాన్ని. ఆ రోజుల్లో నాకు దిగులు పట్టుకుంది, దాచుకోవడమెందుకు.

ఒక సాయంత్రం ఎవరూ రాకముందే రేష్మా వచ్చింది. మేడమ్ ఒక్కరే కాయిన్లు పేరుస్తున్నారు. రేష్మా కూర్చోలేదు. మధ్యలోంచి రెడ్ తీసుకుని, కొట్టకుండా, చేత్తోనే సంచిలో పడేసింది.

"ఇది ఫౌలే" అన్నారు మేడమ్, నెమ్మదిగా.

"తెలుసు మేడమ్. దివిజ తన వాచీ నాకిచ్చేసింది. వాళ్ళ నాన్న కొనిచ్చింది, స్నానానికి కూడా తియ్యదది. స్వెటర్ ఇంకో పిల్లకిచ్చింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది. ఒట్టు తప్పితే నాతో మాట్లాడదు మేడమ్."

"తర్వాత?" అన్నారు మేడమ్.

"మాట్లాడకపోయినా పర్లేదు. అది ఉండాలి."

ఆ పిల్ల ఏడ్చేసింది. మేడమ్ దాన్ని దగ్గరకు తీసుకుని, నువ్వు ఒట్టు తప్పలేదు, స్నేహం నిలబెట్టావు అన్నారు. ఇలాంటి ఒట్టుకు కట్టుబడక్కర్లేదని, ప్రాణం ముందు ఏ ఒట్టూ నిలవదని చెప్పారు. మైకు దగ్గరికి పోలేదు, ఆయాను పంపలేదు. తనే గదికి వెళ్ళి దివిజను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. రేష్మాను ఆ కాసేపు మెస్‌లో కూర్చోమన్నారు.

ఇద్దరూ నాకు అటూ ఇటూ కూర్చున్నారు. మేడమ్ స్ట్రైకర్ పక్కన పెట్టేశారు. అప్పుడు మేడమ్ పెద్దవాళ్ళు అడగడానికి భయపడే మాట అడిగారు. "బతకాలని లేదా అమ్మా?"

అలా సూటిగా అడిగితే పిల్లలకు లేని ఆలోచన వస్తుందని భయపడేవాళ్ళు ఉంటారు. నా మీద ఆనిన ఆ చేతులే నాకు సాక్ష్యం. ఆ ప్రశ్న వినగానే దివిజ బిగించిన పిడికిలి వదులైంది. ఎవరైనా అడుగుతారా అని ఎన్నాళ్ళుగా చూస్తోందో. "అవును మేడమ్" అంది. "నాన్న అందరికీ చెప్పుకున్నాడు, మా అమ్మాయి డాక్టరవుతుందని. నాకు ఏదీ తలకెక్కడం లేదు. నిద్ర లేదు. నేను లేకపోతే ఆయనకీ పరువు తక్కువ ఉండదు."

మేడమ్ ఉపన్యాసం ఇవ్వలేదు. నువ్వు చెప్పి నాకు చాలా మేలు చేశావు అన్నారు. నీకు జరుగుతున్నది జబ్బు, నీ తప్పు కాదు, దానికి డాక్టర్లున్నారు, మందులున్నాయి, తగ్గుతుంది అన్నారు. ఆ క్షణం నుంచి అమ్మానాన్నలు వచ్చేదాకా దివిజను ఒంటరిగా వదల్లేదు. టి.సి. ఇచ్చి గుట్టుగా పంపేస్తే మనకు చెడ్డపేరు రాదు కదా అని ప్రిన్సిపల్ గారు అంటే, ఆవిడ మొదటిసారి గొంతు పెంచారు. అప్పుడాయన మెత్తబడ్డారు. తన కూతురు కూడా ఆ వయసుదేనని ఆయనే అన్నారట.

మర్నాడు తల్లిదండ్రులు వచ్చారు. ఆఫీసు గదికి కాకుండా నా దగ్గరికే తీసుకొచ్చారు మేడమ్. తల్లి వస్తూనే కూతురిని ఒళ్ళోకి లాక్కుని ఇక వదల్లేదు. తండ్రి మాత్రం నిలబడే ఉన్నాడు. నరసరావుపేటలో మోటారు స్పేర్ పార్టుల దుకాణం అట. మేడమ్ చెప్పేదంతా విని తల అడ్డంగా ఊపాడు.

"మా ఇంట్లో ఎవురికీ ఇట్టాంటి జబ్బుల్లేవండీ మేడమ్ గారూ. చదువు ఎక్కువై నీరసపడింది. నాలుగు రోజులు తీసుకెళ్ళి దిష్టి తీయించి పంపిస్తా."

మేడమ్ వాదించలేదు. కాస్త కూర్చోండి అన్నారు. ఆయన కూర్చుంటూ ఆసరాకు నా చట్రం పట్టుకున్నాడు. చూపుడు వేలి చివర వంకర.

పూర్ణ! నా పూర్ణ! జుట్టు పల్చబడింది, పొట్ట వచ్చింది, పూర్ణచంద్రరావు గారయ్యాడు. నల్లరంగు వేసిన చట్రం కింద నేనే ఉన్నానని వాడికి ఎలా తెలుస్తుంది? నాకు పిలవడం రాదాయె. వాడి చెయ్యి అలా నా మీద జరుగుతూ జరుగుతూ ఆ మూలకు వచ్చి ఆగింది. పౌడర్ తుడిచాడు. గుండ్రటి తెల్ల మచ్చ. వేలితో దాని చుట్టూ గీసి చూశాడు.

"ఈ బోర్డు ఎక్కడిదండీ?" అని అడిగాడు. గుంటూరు షాపులోదట అన్నారు మేడమ్. ఆయన కాదన్నట్టు తలూపి, కూతురి వైపు చూశాడు.

"ఈ మచ్చ నాదేనమ్మా. మా క్లబ్బు బోర్డిది. నేను ఇంటరు తప్పినరోజు సాంబడు టీ తెచ్చిచ్చాడు. గొంతు దిగలా. ఈడ్నే పెట్టా."

దివిజ తల్లి ఒడిలోంచి తలెత్తింది. "నువ్వు ఇంటర్ తప్పావా నాన్నా?"

"తప్పా. రెండుసార్లు."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"చెబితే నువ్వు చదవ్వేమోనని భయపడ్డా." ఆయన కూతురి వైపు కాస్త జరిగాడు. "ఆ ఎండాకాలమంతా నాకూ ఉండబుద్ధి కాలేదమ్మా. మీ తాతకి చెప్పలా, ఎవురికీ చెప్పలా. సాంబడు రోజూ వచ్చి ఈడ్చుకుపోయాడు, అందుకని ఉన్నా. మా ఇంట్లో ఎవురికీ లేదన్నాగదా మేడమ్ గారూ. ఉంది. నాకే వచ్చింది."

ఆ మాట అనడానికి అతనికి ఇన్నేళ్ళు పట్టింది. పెళ్ళాం కూడా అప్పుడే వింటున్నట్టు నోరు తెరుచుకుని చూస్తోంది. నాకైతే ఆనందమో దుఃఖమో తెలియలేదు. ఆ మచ్చను చూసుకుని ఇన్నేళ్ళూ కుమిలిన నేను ఆ రోజు దాన్ని చూసి గర్వపడ్డాను. ఇప్పటికీ పడుతున్నాను.

రేష్మా ఎప్పుడొచ్చి నిలబడిందో, స్తంభం పక్కనుంచి మెల్లగా అంది, "తర్వాత?" అని. అదేమిటో ఆయనకు తెలియదు. అయినా జవాబు చెప్పాడు.

"తర్వాతేముంది. డాక్టరు కాకపోతే మానె. నాకు నువ్వు గావాల."

దివిజ లేచి వచ్చి నా ముందు కూర్చుంది. స్ట్రైకర్ తీసుకుని, బొటనవేలితో మధ్యవేలిని బిగబట్టి, రెడ్‌ను సూటిగా మూల సంచిలో వేసింది. అది దాని మొదటి రెడ్. "ఇంటికి రావాలనుంది నాన్నా" అంది. తండ్రి వంకర వేలితో కళ్ళు తుడుచుకుంటూ, ఆ దెబ్బ ఎవరు నేర్పారే అని అడిగాడు. నువ్వు దుకాణంలో బల్ల మీద వాషర్లతో కొట్టేవాడివిగా, చిన్నప్పుడు చూశా అంది.

దివిజ ఇంటికి వెళ్ళింది. దారిలోనే గుంటూరులో మనసు డాక్టరు దగ్గర చూపించారు. మందులు మొదలుపెట్టారు, మాట్లాడే వైద్యమూ మొదలుపెట్టారు. కొన్ని వారాల తర్వాత తిరిగి వచ్చింది. వచ్చీరాగానే అంతా బాగైపోయిందని చెబితే అబద్ధమవుతుంది. కొన్ని సాయంత్రాలు నా దగ్గరికి వచ్చి ఆడకుండా ఊరికే కూర్చునేది, కొన్నిసార్లు ఇంటికి ఫోను చేసి ఏడ్చేది. ఫోను మీద స్పీకర్ తీసేశారు మరి. మైకులో పేర్లు చదవడం కూడా ఆపేశారు. సెక్షన్ మారినా గది మారనక్కర్లేదని ప్రిన్సిపల్ గారు కొత్త పద్ధతి పెట్టి, అది మొదటి నుంచీ తన ఆలోచనే అని అందరికీ చెప్పుకుంటున్నారు. చెప్పుకోనివ్వండి. వాచీ మాత్రం రేష్మా తిరిగి ఇచ్చేసింది, చేతికి తనే కట్టి మరీ. నరసరావుపేట నుంచి నెలనెలా నాకు బోరిక్ పౌడర్ డబ్బా వస్తోంది. ఒకసారి పూర్ణతో పాటు సాంబడు కూడా వచ్చి, నా మచ్చను చూసి పగలబడి నవ్వాడు. ఆ టీకి డబ్బులు తనే ఇచ్చానని ఇప్పటికీ దెప్పుతున్నాడు.

మొన్న తనిఖీ వచ్చింది. నాకు పాత అవమానం గుర్తొచ్చింది. తనిఖీ అధికారి, ప్రిన్సిపల్ గారు, వార్డెన్, కెమెరా పట్టుకున్న అతను, అందరూ వరుసగా వరండాలోకి వచ్చారు. ఆట మంచి పట్టులో ఉంది. అటు రేష్మా, ఇటు దివిజ. ఇద్దరు అమ్మాయిలు అలా స్ట్రైకర్ మీద వేలు పెట్టి కాస్త ఇటు చూడండమ్మా అన్నాడు కెమెరా అతను.

దివిజ తలెత్తలేదు. "ఒక్క నిమిషం ఆగండి సార్, ఆట నడుస్తోంది" అంది.

అందరూ ఆగారు. అధికారి కూడా ఆగాడు. ఇన్నేళ్ళకు ఒక తనిఖీ నా కోసం నిలబడింది. మస్తాన్ మేస్త్రి ఉంటే ఎంత మీసం దువ్వుకునేవాడో. దివిజ వేళ్ళు నా మీద ఆనాయి, వెచ్చగా ఉన్నాయి. మెత్తగా ఒక దెబ్బ వేసింది. రెడ్ పడింది. ఇంకో దెబ్బకు ఫాలో పడింది.

రెడ్ పడ్డాక పిల్లలంతా దివిజ వైపే ఎందుకు చూస్తున్నారో ఆ పెద్దమనుషులకు అర్థం కాలేదు. రెడ్ వేసినవాళ్ళు నిజం చెప్పాలండీ అని రేష్మా వాళ్ళకు వివరించింది. ఏం చెబుతావమ్మా అని అధికారి సరదాగా వంగి అడిగాడు.

దివిజ మెస్ వైపు చూసింది. లోపల పెసరట్లు వేస్తున్న వాసన వస్తోంది.

"నాకు ఆకలేస్తోంది సార్" అంది.

అధికారి అంతేనా అన్నట్టు నవ్వాడు. రేష్మా మాత్రం నవ్వలేదు. చేతులు నా పౌడర్‌తో తెల్లగా ఉన్నా సరే, రెండు చేతులతో ముఖం కప్పుకుంది.